ధర చెప్పండమ్మా ముందు!

‘అంగడి కబుర్లు’ శీర్షికకు ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇన్‌స్టా, వాట్సాప్ గొడవలే. నేను విజయవాడ బీసెంట్ రోడ్డులో చీరల కొట్టు నడిపిన రోజుల్లో ప్రచారమంటే రిక్షాకు మైకు కట్టి తిప్పడం, పొద్దున పేపర్లో పాంప్లెట్లు పెట్టించడం. ఇప్పుడు చిన్న వ్యాపారాల వాళ్లకు ఈ ఫోన్ ప్రచారం సంగతులు చూసిపెడుతున్నాను. నాకు తోచింది మొహమాటం లేకుండా చెబుతాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అక్కా, మాది మంగళగిరి. మా మామగారి కాలం నుంచి మగ్గాలున్నాయి. మా అబ్బాయి డిగ్రీ చదివేటప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టి బాగానే అమ్మిపెట్టాడు. వాడు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోయాక పేజీ నా నెత్తిన పడింది. ఫొటోలు పెడితే చూసే నాథుడు లేడు. రీల్స్ చేయమన్నారు. అవి కాస్త చేతికొచ్చేసరికి చానల్ అంటున్నారు, కొలాబ్ అంటున్నారు, థ్రెడ్స్ అంటున్నారు. ఇవన్నీ నేర్చుకోవాలా? నెలకు పదిహేను వేలిస్తే పన్నెండు పోస్టులు పెట్టి మొత్తం మేమే చూసుకుంటామని ఒక ఏజెన్సీ వాళ్లు వెంటపడుతున్నారు. ఇవ్వమంటారా?
– ఒక సోదరి, మంగళగిరి

జవాబు: మీరు పంపిన లింకు తెరిచి మీ పేజీ చూశానమ్మా. ఆ ముదురాకుపచ్చ చీర వీడియో సంగతే చెబుతాను. మొదట మీ లోగో గిరగిరా తిరిగింది. తర్వాత చీర కనబడింది గానీ మడత మీదే ఉంది. అంచు ఒక్క క్షణం మెరిసి మాయమైంది. పల్లూ చూపించనే లేదు. కింద ‘ధర కోసం డీఎం చేయండి’ అని రాశారు. దాని కింద కామెంట్లు చూడండి: ‘ధరెంత’, ‘ప్రైస్ ప్లీజ్’, ‘రేటు చెప్పండి మేడమ్’, ‘ఎంతండీ’. అందరికీ మీది ఒకటే జవాబు: ‘ఇన్‌బాక్స్ చూడండి’. కొనడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ వాళ్లనందరినీ మీరే పెరటి దారిన రమ్మంటున్నారు. జనం చూడకపోవడం మీ సమస్య కాదు. చూసినవాళ్లకు చీరా సరిగ్గా కనబడలేదు, ధరా తెలియలేదు.

ఎందుకు దాస్తారమ్మా ధర? పోటీవాళ్లు చూస్తారనా? వాళ్లు దొంగ పేరుతో మీకు మెసేజ్ పెట్టి ఎప్పుడో కనుక్కుని ఉంటారు. ధర చూసి పారిపోతారనా? పారిపోయేవాళ్లు ఇన్‌బాక్స్‌లో చూసినా పారిపోతారు, మధ్యలో మీ టైమ్ కూడా తినేసి. రాత్రి పిల్లలు పడుకున్నాక పదిన్నరకు ఫోన్ పట్టుకున్న ఆవిడ మీ చీర చూసి ముచ్చటపడి ధర అడుగుతుంది. మీరు పొద్దున పాలవాడు వచ్చి వెళ్లాక జవాబిస్తారు. ఈలోగా ఆవిడ ఇంకో పేజీలో ధర కనబడ్డ చీరకు డబ్బు కొట్టేసి హాయిగా నిద్రపోయి ఉంటుంది. ధర, కొరియర్ ఖర్చు, జాకెట్టు ముక్క ఉందా లేదా, నూలా పట్టా, ఉతికితే రంగు సంగతేమిటి – ఈ ఐదూ వీడియో కిందే తెలుగులో రాసేయండి. ఈ నెలకు మీరు నేర్చుకోవలసిన కొత్త విద్య అంతే.

వీడియో కూడా కష్టపడి తీయనక్కర్లేదు. పొద్దున ఎండ ఎక్కకముందు వరండాలో చీర మొత్తం విప్పి పరచండి. ట్యూబులైటు కింద తీస్తే రంగు మారి, పార్సిల్ విప్పాక గొడవలొస్తాయి. మంగళగిరి చీర కొనే మనిషి చూసేది నిజాం అంచు, జరీ, నేత బిగువు. కాబట్టి కెమెరా అంచు దగ్గరికి తీసుకెళ్లి వేలితో పట్టి చూపించండి. చీరను తిరగేసి వెనక వైపూ చూపించండి. మిల్లు గుడ్డ మీద అచ్చేసి ‘మంగళగిరి’ అని అమ్మేవాళ్లు మీ పక్కనే బోలెడు మంది. వాళ్లు చూపించలేనిది మీ ఇంట్లో ఉంది, గుంట మగ్గం. వారానికోసారి ఆ మగ్గం ఆడుతుండగా తీసి, ఆ చప్పుడుతోనే పెట్టండి. మంగళగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెందుతుందన్న ప్రభుత్వ ముద్ర) ఉందన్న మాట కూడా పేజీ పైన రాయండి.

ఇక కొత్తవన్నీ నేర్చుకోవాలా అన్న ప్రశ్న. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను మన దేశంలో ఆపేశారు. లక్షల మంది ఫాలోవర్లున్న వాళ్లు తెల్లారేసరికి ఖాళీ చేతులతో మిగిలారు. జులైలోనే ఇన్‌స్టా రీల్స్ తెచ్చింది, అందరూ మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకున్నారు. 2021 అక్టోబర్ 4 రాత్రి తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ మూడూ ఒకేసారి పడుకున్నాయి. దాదాపు ఆరు గంటలు లేవలేదు. మూడూ ఒకే కంపెనీవి కదా. రాత్రిపూట లైవ్ పెట్టి చీరలు అమ్మేవాళ్ల బేరాలన్నీ ఆ రోజు అటకెక్కాయి. అంటే ఫాలోవర్ల లెక్క ఆ కంపెనీలది, కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు మనవి. మీ దగ్గర ఒక్క చీర కొన్న ప్రతి మనిషి పేరు, ఊరు, నంబరు, ఏ రంగు కొన్నదీ ఒక పుస్తకంలో రాయండి. మీ అబ్బాయి ఉన్నప్పటి ఆర్డర్లు కూడా వాడి ఫోన్లోంచి తవ్వి తీయించండి.

ఆ తర్వాత వాట్సాప్ బిజినెస్ యాప్. దుడ్డు పెట్టాల్సింది లేదు. అందులో కేటలాగ్ పెట్టుకోవచ్చు, ‘డబ్బు రావాలి’, ‘పార్సిల్ పంపాలి’ అని కస్టమర్లకు లేబుళ్లు తగిలించుకోవచ్చు. రోజూ టైపు చేసే జవాబులను దాచుకుని ఒక్క నొక్కుతో పంపవచ్చు. ఒకే మెసేజ్‌ను అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది దాకా పడతారు. దాంట్లో ఒక కిటుకుంది. మీ నంబరును వాళ్లు తమ ఫోన్లో సేవ్ చేసుకుంటేనే మీ మెసేజ్ వాళ్లకు చేరుతుంది. చాలామందికి ఈ సంగతి తెలియక ‘పంపాం, ఎవరూ పలకలేదు’ అని నిట్టూరుస్తుంటారు. పార్సిల్‌లో చిన్న చీటీ వేయండి: ‘ఈ నంబరు సేవ్ చేసుకోండి, కొత్త చీరలు వచ్చినప్పుడు ముందు మీకే చూపిస్తాం.’ వారానికి ఒకసారి మించి పంపొద్దు. రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు పంపితే బ్లాక్ చేస్తారు, వాళ్ల తప్పేం లేదు.

ఏజెన్సీ వాళ్లను ఒక్క మాటడగండి: ‘నెలకు పన్నెండు పోస్టులంటున్నారు, ఏం పెడతారు?’ అని. నేను చూసినంతలో సగం పోస్టులు పండగ శుభాకాంక్షలే. మొన్నామధ్య ఒక నేతచీరల పేజీలో ప్రపంచ చాక్లెట్ దినోత్సవ శుభాకాంక్షలు కనబడ్డాయి. చాక్లెట్టుకూ చీరకూ సంబంధమేమిటో ఆ ఏజెన్సీకే తెలియాలి. ఆ పదిహేను వేలలో నాలుగో వంతు మీ వీధిలో ఇంటర్ చదివే అమ్మాయికిచ్చి, వారానికి రెండు సాయంత్రాలు వీడియోలు కత్తిరించి పెట్టమనండి. ఎవరికిచ్చినా పేజీ పాస్‌వర్డు, ప్రకటనల ఖాతా మీ పేరునే, మీ నంబరు మీదే ఉండాలి. ఏజెన్సీతో చెడి, పేజీ కూడా పోగొట్టుకుని ఏడ్చినవాళ్లను ఎరుగుదును.

ఇంకో మాట. ఈ ఏజెన్సీల క్యాలెండర్లో వాలెంటైన్స్ డే ఉంటుంది గానీ శ్రావణ మాసం ఉండదు. మన గిరాకీ అంతా పంచాంగంలో ఉంది. వరలక్ష్మీ వ్రతానికి కట్టే చీర ఆ వారం కొనరు. ఫాల్ కుట్టాలి, జాకెట్టు కుట్టించుకోవాలి, దర్జీ దగ్గర నాలుగుసార్లు తిరగాలి. కాబట్టి శ్రావణానికి చీరలు ఆషాఢంలోనే చూపించాలి. మూఢంలో పెళ్లి పట్టుచీరల ప్రకటనకు డబ్బు తగలేయొద్దు. ఆ రోజుల్లో ఆఫీసులకు కట్టుకునే నూలు చీరలు పెట్టండి. సంక్రాంతికి ఆడపడుచులకు పెట్టే చీరలు డిసెంబర్‌లోనే ‘ఐదు చీరలు ఇంత’ అని కట్టగట్టి పెట్టండి. ఇది మీకు నేను చెప్పాలా, మీ మామగారికి కంఠతా వచ్చిన విద్యే.

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది ఆత్రేయపురం. మా ఆవిడ, మా అమ్మ పూతరేకులు చుడతారు, నేను ఆన్‌లైన్‌లో అమ్ముతాను. ఫేస్‌బుక్‌లో ఒక వీడియోకు బూస్ట్ నొక్కి మూడు వేలు పెట్టాను. లైకులు ఇబ్బడిముబ్బడిగా వచ్చాయి. చూస్తే అన్నీ హిందీ పేర్లు. ఒక్క ఆర్డరు రాలేదు. ఈ ప్రకటనలు శుద్ధ దండగేనా?
– ఒక పాఠకుడు, ఆత్రేయపురం

జవాబు: దండగ కాదు బాబూ, మీరు లైకులు కొన్నారు, లైకులు వచ్చాయి. బూస్ట్ నొక్కినప్పుడు ‘ఏం కావాలి’ అని అడుగుతుంది. చాలామంది అక్కడ ఏమీ మార్చకుండా ముందుకెళ్లిపోతారు. ‘మెసేజ్‌లు’ ఎంచుకుని, నొక్కితే నేరుగా మీ వాట్సాప్ తెరుచుకునేలా పెట్టండి. ఊళ్లు కూడా మీరే ఎంచండి. దేశమంతా వదిలేస్తే చవగ్గా ఎక్కడ లైకులొస్తే అక్కడ చూపిస్తుంది. పూతరేకు అంటే ఏమిటో చెప్పకుండానే తెలిసినవాళ్లు మీకు కావాలి. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలో ఉన్న మనవాళ్లు. భాష తెలుగు అని పెట్టండి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తూ సూట్‌కేసులో పట్టుకెళ్లే అమ్మానాన్నలు ఇంకో పెద్ద గిరాకీ. వాళ్లు అడిగేది రెండే: ఎన్ని రోజులు ఆగుతాయి, నలక్కుండా వెళ్తాయా. ఆ రెండింటికీ వీడియోలోనే జవాబు చెప్పండి. డబ్బాలో ఎలా సర్దుతున్నారో చూపించండి. చుట్టిన తేదీ డబ్బా మీద రాసి అదీ చూపించండి. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్లిచ్చిన 14 అంకెల నంబరు డబ్బా మీదా పేజీ మీదా ఉండాలి. బయట ఊరివాడు మీ ఇల్లు చూడలేడు కదా, ఆ నంబరు చూసి ధైర్యపడతాడు.

లెక్క కూడా వేసుకోండి. మూడు వేలు ప్రకటనకు పెడితే 18 శాతం జీఎస్టీ కలిపి 3,540 అవుతుంది. దానికి ఇరవై ఆర్డర్లు వచ్చాయనుకోండి, ఒక్కో ఆర్డరుకు 177 రూపాయలు పడింది. డబ్బా మీద మీకు మిగిలేది నూట ఇరవై అయితే ఆర్డర్లొచ్చినా నష్టమే. కానీ ఆ ఇరవైలో పది మంది దసరాకు మళ్లీ అడిగితే అప్పుడు లాభం, ఎందుకంటే రెండోసారికి ప్రకటన ఖర్చు లేదు. అందుకే కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ ‘మమ్మల్ని ఎక్కడ చూశారండీ’ అని అడిగి రాసుకోండి. రెండోసారి వచ్చినవాళ్లకు పక్కన టిక్కు పెట్టండి. ఫేస్‌బుక్ చూపించే గీతలూ గ్రాఫులూ మీకు ఇంత మాట చెప్పవు.

వీడియోలో మీరు కెమెరా వైపు తిరిగి ఉపన్యాసం ఇచ్చారు. అది తీసేయండి. మీ అమ్మగారు బోర్లించిన వేడి కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ లాగితే, కన్నుమూసి తెరిచేలోగా కాగితంలా రేకు లేచే ఆ ఒక్క దృశ్యం చాలు. నాకే ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. 2023లో మీ పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ మాట ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోండి.

ప్రశ్న: పదివేల మంది ఫాలోవర్లను తక్కువ రేటుకే ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: వద్దు. వాళ్లు మీ దగ్గర కొనరు. అసలు వాళ్లు మనుషులే కారు.

ప్రశ్న: అక్కా, మా బొటిక్ రీల్స్‌కు కొత్త సినిమా పాటలు పెడితే బాగా వెళ్లేవి. పేజీని బిజినెస్ ఖాతాగా మార్చాక ఆ పాటలు దొరకడం లేదు. పాతవి కొన్ని మ్యూట్ అయ్యాయి. తిరిగి మామూలు ఖాతాకు మారిపోమంటోంది మా చెల్లెలు.
– ఒక సోదరి, హన్మకొండ

జవాబు: పాట సొంతదారులు ఇన్‌స్టాకు అనుమతిచ్చింది జనం సరదాకు వాడుకోవడానికి. మీరు దాంతో సరుకు అమ్ముతున్నారు, దానికి వేరే అనుమతి కావాలి. ఖాతా రకం మార్చుకున్నంత మాత్రాన ఆ హక్కు రాదు, ఆడియో కంపెనీ నుంచి నోటీసొస్తే చెల్లెలు కట్టదు. బిజినెస్ ఖాతాకు ఇచ్చే పాటలు వాడుకోండి, లేదా మీ గొంతే పెట్టండి. బొటిక్‌లో కుట్టుమిషన్ చప్పుడు, మగ్గం వర్క్ చేసే అమ్మాయిల మాటలు… నిజానికి మీ పేజీలో నేను ఆగి చూసిన ఒకే ఒక్క వీడియో మీరు జాకెట్టు కొలతలు తీసుకుంటూ ఆ పెద్దావిడతో వాదిస్తున్నది. అలాంటివి ఆ పెద్దావిడ ఒప్పుకుంటే ఇంకో నాలుగు తీయండి.

ప్రశ్న: మేడమ్, కూకట్‌పల్లిలో నాది చిన్న కర్రీ పాయింట్. లక్షన్నర ఫాలోవర్లున్న ఒక ఫుడ్ వీడియోల కుర్రాడు పాతిక వేలూ, తన మనుషులు నలుగురికి భోజనమూ అడుగుతున్నాడు. ‘ఒక్క వీడియోతో మీ షాపు ముందు లైను కడతారు’ అంటున్నాడు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: లైను కడతారేమో గానీ, మర్నాడు ఉంటారా? కర్రీ పాయింట్‌కు గిరాకీ రెండు మూడు కిలోమీటర్ల లోపలే. ఆఫీసు నుంచి ఇంటికెళ్తూ పప్పు, సాంబారు, ఒక వేపుడు కట్టించుకునేవాళ్లు మీ అసలు కస్టమర్లు. ఆ కుర్రాడి లక్షన్నరలో కర్నూలు వాళ్లుంటారు, విశాఖ వాళ్లుంటారు, దుబాయ్ వాళ్లూ ఉంటారు. దొండకాయ వేపుడు కోసం దుబాయ్ నుంచి ఎవరొస్తారు?

ఆ పాతిక వేలలో కొంచెం పెట్టి బోర్డుకు మంచి లైటు వేయించండి. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో మీ దగ్గర కొనేవాళ్లు ఎవరో ఒకరుంటారు. రోజూ నాలుగింటికల్లా ‘ఈ సాయంత్రం కూరలు’ అని ధరలతో సహా మీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, వాళ్లను చూడమనండి. గూగుల్ మ్యాప్స్‌లో షాపు పేరు తెలుగులోనూ వచ్చేలా చూసుకోండి. తెరిచే వేళలు సరిగ్గా రాయండి. మధ్యాహ్నం మూసేస్తారు కదా, అది రాయకపోతే ఎండన పడి వచ్చినవాడు తిట్టుకుంటూ ఒక స్టార్ ఇచ్చిపోతాడు.

ఎప్పుడైనా ఇన్‌ఫ్లుయెన్సర్‌తో చేయించుకుంటే మాత్రం, అది డబ్బిచ్చి చేయించిందని వీడియోలో చెప్పాలి. ప్రకటనల మండలి ఆస్కీ 2021 నుంచి అలా రాయాలంటోంది. వినియోగదారుల చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా వేసే అధికారం కూడా ఉంది. అది వీడియో చేసినవాడికీ తగలొచ్చు, చేయించినవాడికీ తగలొచ్చు.

ప్రశ్న: గూగుల్‌లో మా టైలరింగ్ షాపుకు ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు ‘వేస్ట్ షాప్’ అని ఒక స్టార్ ఇచ్చారు. ఆ పేరుతో మాకు కస్టమరే లేరు. రాత్రి నిద్ర పట్టలేదు. గట్టిగా సమాధానం ఇవ్వాలనుంది.
– ఒక సోదరి, కరీంనగర్

జవాబు: గట్టిగా వద్దమ్మా. ఆ సమాధానం చదివేది తిట్టినవాళ్లు కాదు, రేపు మీ షాపుకు రావాలా వద్దా అని చూసుకునే కొత్తవాళ్లు. ‘మీ పేరు మీద మా దగ్గర బిల్లు కనబడలేదండీ. బిల్లు నంబరు చెబితే వెంటనే సరిచేస్తాం’ అని రాసి వదిలేయండి. గూగుల్‌కు రిపోర్టు కూడా చేయండి, తీసేస్తే సరే. తీయకపోయినా కంగారొద్దు. బట్టలు తీసుకెళ్తూ ‘బాగా కుదిరింది’ అన్న ప్రతి మనిషికీ అక్కడికక్కడే షాపు లింకు వాట్సాప్ చేసి, రెండు ముక్కలు రాయమని అడగండి. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామని మాత్రం అనకండి, గూగుల్ అది ఒప్పుకోదు. అన్నీ ఐదు స్టార్లే ఉన్న షాపును నేనైతే నమ్మను, మధ్యలో ఒకటీ అరా తిట్టుంటేనే నిజమనిపిస్తుంది.

ప్రశ్న: ‘మీ పేజీ కాపీరైట్ నియమాలను ఉల్లంఘించింది, 24 గంటల్లో తొలగిస్తాం, అప్పీలుకు ఇక్కడ నొక్కండి’ అని ఫేస్‌బుక్ కంపెనీ మెటా సపోర్ట్ పేరుతో మెసేజ్ వచ్చింది. నీలం రంగు టిక్కు బొమ్మ కూడా ఉంది. నొక్కితే పాస్‌వర్డు అడుగుతోంది. భయంగా ఉంది.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఇవ్వలేదు కదా? ఇవ్వకండి. అది దొంగ మెసేజ్. ఆ టిక్కు, వాళ్లు ప్రొఫైల్ ఫొటోలో అతికించుకున్న బొమ్మ. కంపెనీ నిజంగా ఏదైనా చెప్పదలిస్తే యాప్ సెట్టింగుల్లో ఖాతా స్థితి అన్న చోట కనబడుతుంది, అక్కడ చూసుకోండి.

ఇప్పటికే పాస్‌వర్డు కొట్టి ఉంటే ఈ పత్రిక పక్కన పెట్టి ముందు అది మార్చండి. అదే పాస్‌వర్డు ఈమెయిల్‌కు కూడా వాడుతుంటే అక్కడా మార్చండి. పేజీకి కార్డు జతచేసి ఉంటే బ్యాంకుకు ఫోన్ చేసి ఆపించండి, మీ ఖాతా నుంచి వాళ్ల ప్రకటనలు నడిపించి డబ్బు లాగుతారు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఏమీ పోకపోయినా ఈ రోజే రెండంచెల భద్రత పెట్టుకోండి, అంటే పాస్‌వర్డుతో పాటు కోడ్ కూడా అడిగేలా. పేజీకి ఇంట్లో ఇంకొకర్ని కూడా అడ్మిన్‌గా చేర్చండి. మీ ఖాతా పోయినా వాళ్ల ఖాతా నుంచి పేజీని వెనక్కి తెచ్చుకునే దారి ఉంటుంది. మీ షాపులో పనిచేసే కుర్రాడికి పాస్‌వర్డు ఇచ్చారని కూడా రాశారు. ఇలాంటి మెసేజ్ రేపు అతను కూడా చూస్తాడు, సాయంత్రం షట్టరు దించేలోగా ఈ సంగతంతా అతనికీ చెప్పండి.